చిన్నమ్మాయి వంతు

నామవనంలో పాలవాడు ఆలస్యంగా వచ్చినా, మంచినీళ్ల మోటారు వేయడం మర్చిపోయినా, పెళ్లికి వెళ్లినవాళ్లు చెప్పిన బస్సుకి దిగకపోయినా అందరి నోటా వచ్చే మాట ఒకటే. "చిన్నమ్మాయి వంతులా ఉందే" అంటారు. ఎల్కేజీ పిల్లలకి కూడా ఆ మాట వచ్చు. స్కూలు ఆటో రాకపోతే గేటు దగ్గర సంచులు వీపున వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని మరీ అంటారు. ఎవరా చిన్నమ్మాయి, ఏంటా వంతు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఉప్పు ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగి కూర తింటామా, ఇదీ అంతే.

ఆ మాట వినబడినప్పుడల్లా సూర్యకళమ్మ చేతిలో పని ఒక్క క్షణం ఆగుతుంది. వత్తులు చేస్తుంటే వత్తి, చిక్కుడుకాయలు ఒలుస్తుంటే చిక్కుడుకాయ, వేళ్ల మధ్య అలాగే ఉండిపోతుంది. నలభై ఏళ్లుగా ఆగుతూనే ఉంది. అరవై గడపల్లో ఒక్కరూ అది కనిపెట్టలేదు.

నామవనం రామచంద్రపురానికి ఆరు కిలోమీటర్ల దూరం. కాలవ గట్టు దిగితే కొబ్బరి చెట్ల మధ్య పాలరాతి మందిరం, చుట్టూ డాబాలు, వెనక మంచినీళ్ల ప్లాంటు. మొదట్లో ఇవేవీ లేవు. పెద్దవాళ్లు పదకొండు మంది, పిల్లలు నలుగురు, రెండు తాటాకు పాకలు, ఒక బావి. ఆ పదకొండు మందిలో ఇప్పుడు ఇక్కడ మిగిలింది సూర్యకళమ్మ ఒక్కతే. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఆపకుండా రామనామం చెప్పే సప్తాహంతో ఈ చోటు మొదలైంది. ఆ మొదటి సప్తాహానికి ఈ వైశాఖంతో నలభై ఏళ్లు నిండుతాయని, ఈసారి ఘనంగా చేసి ఒక పుస్తకం కూడా వేయాలని కమిటీవాళ్లు నిశ్చయించారు. సెక్రటరీ లోకనాథ్ తన కూతురు హరిచందనని పిలిచి, మామ్మగారి దగ్గర కూర్చుని తొలినాళ్ల కబుర్లన్నీ ఫోన్లో రికార్డు చెయ్యమన్నాడు. ఆవిడ ఉండగానే చెయ్యమని కూడా అన్నాడు, ఆవిడ వింటూండగానే. సూర్యకళమ్మ ఏమీ అనుకోలేదు. డెబ్భై రెండేళ్లు వచ్చాక అలాంటివి పట్టించుకుంటే అన్నం సహించదు.

హరిచందన కాకినాడలో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. ఫోనుని ఒక ముక్కాలి స్టాండుకి తగిలించి, ఫోను వైపు చూడక్కర్లేదని, తనతో మామూలుగా మాట్లాడమని చెప్పింది. అలాగేనంటూనే సూర్యకళమ్మ లోపలికెళ్లి వెంకటగిరి చీర కట్టుకొచ్చింది.

మొదటి రెండు రోజులూ కబుర్లు కాలవలా పారాయి. రామచంద్రపురంలో ఇత్తడి సామాన్ల కొట్టున్న తన భర్త గున్నేశ్వరరావుకి అయ్యగారంటే ఎలా గురి కుదిరిందో చెప్పింది. అయ్యగారు అంటే ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు ఉద్యోగం వదిలేసి నామమే పనిగా పెట్టుకున్న మనిషి. సన్నగా, మెత్తగా మాట్లాడేవారు. ఆయన మాట విని గున్నేశ్వరరావు ఎనభై సెంట్ల కొబ్బరితోట రాసిచ్చేశారు. తోటతోపాటు మనమూ వెళ్దామన్నారు. మూడేళ్ల పిల్లని చంకనేసుకుని సూర్యకళమ్మ డాబా ఇంట్లోంచి తాటాకు పాకలోకి వచ్చింది. అందరికీ ఒకటే పొయ్యి, ఎవరూ వేరే పొయ్యి పెట్టుకోకూడదని అయ్యగారి నియమం. కాఫీ అసలే కూడదు. గున్నేశ్వరరావేమో కాఫీ లేకపోతే కళ్లు తెరవలేని మనిషి. దీపానికి నూనె తెస్తానని వంక పెట్టి రోజూ సైకిలు మీద రామచంద్రపురం వెళ్లొచ్చేవారు. ఇంత నూనె ఏ దీపం తాగుతోందని ఆడవాళ్లు నవ్వుకునేవారు. ఓ రోజు అయ్యగారే ఎదురెళ్లి ఆయన చేతికి ఒక ఫ్లాస్కు ఇచ్చి, "వస్తూ వస్తూ నాకూ ఓ గ్లాసుడు తెండి" అన్నారట. హరిచందన నవ్వు ఆపుకోలేక ఊగిపోయింది.

మూడో రోజు ఆ పిల్ల ఊరికే ఉండకుండా అడిగింది.

"మామ్మగారూ, చిన్నమ్మాయి వంతు అంటారు కదా. ఆవిడ నిజంగా ఉండేవారా, లేకపోతే కథేనా?"

సూర్యకళమ్మ వత్తి చేస్తోంది. దూది వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది.

"ఉండేదేంటి," అంది. "ఉంది. ఇప్పటికీ ఉంది. గౌతమి గోదారి అవతల, ముక్తేశ్వరం పక్కన. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి దాటితే ఎంతసేపు."

"మీరు వెళ్తూంటారా?"

"ఆ ఫోను ఆపు తల్లీ" అంది సూర్యకళమ్మ.

వేయబోయే పుస్తకంలో ఆ కథ ఎలా ఉందో హరిచందనకి తెలుసు, టైపు చేసింది తనే. మొదటి సప్తాహం నాలుగో రోజున ఒక స్త్రీ అశ్రద్ధ వల్ల నామం తెగిపోయిందనీ, అయ్యగారు చలించకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి పూర్తి చేయించారనీ, అదే నామవనం పట్టుదలకి పునాది అనీ రాసి ఉంది. ఏటా సప్తాహం మొదలయ్యే రోజు ఆ కథ చెప్పాల్సిందే. అయ్యగారు బతికున్నన్నాళ్లూ ఆయనే చెప్పేవారు. పోయాక ఈ ఇరవై ఏళ్లుగా సెక్రటరీలు చెబుతున్నారు.

ఫోను ఆగాక సూర్యకళమ్మ అసలు సంగతి చెప్పింది. కట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ చెప్పనిది అది.

చిన్నమ్మాయికి అప్పుడు ఇరవయ్యారేళ్లు. పెళ్లయిన నాలుగేళ్లకే మొగుడు పోయాడు. అత్తవారు పొమ్మన్నారు, పుట్టింట్లో తావు లేదు. ఒక రేకు పెట్టె పట్టుకుని వచ్చి, నామం చెప్పుకుంటాను, మూల పడుంటానంది. అయ్యగారు సరేనన్నారు. వచ్చిన రోజు నుంచీ చీపురు, బిందె ఆవిడ చేతిలోనే ఉండేవి. అది వైశాఖం. కాలవలకి నీళ్లు కట్టేసిన రోజులు. బావిలో నీళ్లు అడుగంటితే అర మైలు అవతల చెరువు నుంచి మోసుకొచ్చేది. సూర్యకళమ్మ కూతురు సాయిదుర్గ అయితే తల్లిని వదిలేసి ఆవిడ కొంగు పట్టుకునే తిరిగేది. ఇత్తడి కొట్టు వారి కోడలైన సూర్యకళమ్మకి అది సుఖంగానే ఉండేది. పిల్లని ఎత్తుకోవాల్సిన బాధ తప్పిందనుకునేది.

సప్తాహం నియమం ఒకటుంది. పాక మధ్యలో అఖండ దీపం. దాని చుట్టూ తాళాలు పట్టుకుని నామం చెబుతూ తిరగాలి. గంటకొకరు చొప్పున వంతు. పలక మీద సుద్దముక్కతో గంట, పక్కన పేరు. తరవాతి మనిషి వచ్చి నామం అందుకోవాలి. వాళ్ల గొంతు మన గొంతులో కలిసి, తాళం తాళంలో పడేదాకా మన తాళం కింద పెట్టకూడదు. వచ్చేవాళ్లు గంట ఆలస్యమైతే గంటా తిరగాల్సిందే. వంతు ఎవరిదైనా గానీ, చేతిలో తాళం ఉన్నవాళ్లదే పూచీ.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటి వంతు సూర్యకళమ్మది. మూడింటిది చిన్నమ్మాయిది. మగవాళ్లంతా తిని మామిడి చెట్టు కింద ఒరిగారు. తాటాకు పాక పొయ్యిలా కాగిపోతోంది. బయట బావి దగ్గర పిల్ల ఏడుపు వినబడుతోంది. పొద్దున్న ఎవరో ముంజెలు తెస్తే సాయిదుర్గ డజను తిన్నట్టుంది, ఒకటే వాంతులు. చిన్నమ్మాయి కడుగుతోంది, ఊరుకోబెడుతోంది. గడియారంలో మూడయింది. ఎవరూ రాలేదు. మూడూ అయిదయింది. సూర్యకళమ్మకి గొంతు పిడచగట్టుకుపోయింది, కాళ్లు లాగేస్తున్నాయి. పిల్ల ఏడుపు ఆగింది. ఏడుపు ఆగాక కూడా రాదేం, ఈవిడకి నా పిల్లని ముద్దుచేయడానికి ఈ వేళే దొరికిందా అని ఒళ్లు మండింది.

తాళాలు దీపం పక్కన పెట్టేసింది. ఒక్క నిమిషం, పిలిచొద్దామని వెళ్లింది.

బావి దగ్గర పిల్ల చిన్నమ్మాయి భుజం మీద నిద్రపోతోంది. చిన్నమ్మాయి చీరంతా తడిసి ఉంది. పిల్లని దింపితే లేచిపోతుందేమోనని ఎటూ కదలలేక నిలబడి ఉంది. "టైమెంతయిందో తెలుసా" అంది సూర్యకళమ్మ. చిన్నమ్మాయి మారుమాట లేకుండా పిల్లని తల్లి చేతుల్లో పెట్టి పాకలోకి పరుగెత్తింది. అప్పటికే అయ్యగారు లోపల ఉన్నారు. చప్పుడు లేని పాకలో దీపం వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఎవరి వంతమ్మా?" అని అడిగారు.

"నాదేనండి" అంది చిన్నమ్మాయి.

అది నిజమే. ఆయన అడిగింది వంతు గురించి. తాళం ఎవరు కింద పెట్టారని ఆయన అడగలేదు. వెనకాలే పిల్లనెత్తుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డ సూర్యకళమ్మ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. తోట రాసిచ్చిన ఇంటి ఇల్లాలు ఎలా చెబుతుంది? అందరూ లేచి వచ్చేశారు, గున్నేశ్వరరావు కూడా. అయ్యగారు కేకలేస్తే బాగుండేది. మెత్తగా, ఇకమీదట తాళాలు ముట్టుకోవద్దమ్మా అని చిన్నమ్మాయితో చెప్పి, మొదటి నుంచి మొదలుపెడదాం రండి అన్నారు. మూడున్నర రోజుల నామం పోయింది.

ఆ సాయంత్రం సూర్యకళమ్మ మొగుడితో చెప్పింది. ఆయన, ఇప్పుడు చెప్పి అయ్యగారి మాట తప్పు చేస్తావా, నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారులే అన్నారు. ఆవిడకి కావలసిన మాటే అది. కావలసిన మాట దొరికితే మనిషి ఇంకో మాట వెతుక్కోదు. సప్తాహం పూర్తయింది. చిన్నమ్మాయి నీళ్లు మోసింది, వంట చేసింది, మందిరం పాక లోపలికి మాత్రం రాలేదు. ఇరవయ్యో రోజున రేకు పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది. ఆ మరుసటేడు అయ్యగారు ఆ కథ మైకులో చెప్పారు. పేరు చెప్పలేదాయన. పేరు పెట్టింది జనం. మర్చిపోతారనుకున్నది కాస్తా ఊరి సామెతగా మిగిలిపోయింది.

హరిచందన అంతా విని, "మరి వెళ్దాం పదండి" అంది. ముసలివాళ్లకి నలభై ఏళ్లు పట్టిన పని పడుచువాళ్లకి నాలుగు మాటల్లో తేలిపోతుంది.

మర్నాడు పొద్దున్నే ఆటోలో కోటిపల్లి రేవుకి వెళ్లి, మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు ఎక్కారు. ఎండాకాలం గోదావరి పలచబడి మధ్యలో ఇసక తిన్నెలు తేలాయి. పంటు వాటిని చుట్టుకుని నెమ్మదిగా పోతోంది. మోటారు సైకిళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుని సూర్యకళమ్మ ఏం చెప్పాలో వరస పేర్చుకుంది. ముప్ఫై ఏళ్ల క్రితమే ఒక నెయ్యి అమ్మే ఆవిడ చెప్పింది, చిన్నమ్మాయి ఫలానా ఊళ్లో బళ్లో పిల్లలకి వంట చేస్తోందని. అప్పటి నుంచీ ప్రతి ఏడూ వెళ్దామనే అనుకుంది. అన్నవరం మూడుసార్లు వెళ్లింది, పోలవరం డ్యాము చూసొచ్చింది. ఈ రేవు మాత్రం దాటలేదు.

చిన్నమ్మాయి చెల్లెలి కొడుకు ఇంట్లో ఉంటోంది. పెరట్లో కొబ్బరి ఆకుల మధ్య పీట వేసుకుని చీపుళ్లకి ఈనెలు తీస్తోంది. అరవై ఆరేళ్లు. జుట్టు పూర్తిగా తెల్లబడింది గానీ చేతులు చకచకా ఆడుతున్నాయి. తలెత్తి చూసి గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"సూర్యకళక్కగారు కదూ. రండి, ఎండనబడి వచ్చేరు. పాప ఎలా ఉందండి? ఇప్పుడైనా ముంజెలు పడుతున్నాయా?"

సూర్యకళమ్మ పంటులో పేర్చుకున్న వరసంతా అక్కడే కూలిపోయింది. సాయిదుర్గకి నలభై మూడేళ్లని, కాకినాడలో ఉందని, ఆ పిల్ల ముంజెలు ముట్టనే ముట్టదని చెప్పాలి. అవేవీ అనకుండా ఆకుల పక్కనే కూర్చుంది. హరిచందన ఫోను తీయబోతే చిన్నమ్మాయి చేత్తోనే వద్దంది. చెల్లెలి కోడలు మజ్జిగ తెచ్చిచ్చి వెళ్లింది. గ్లాసు కింద పెట్టి సూర్యకళమ్మ ఒక్క మాటలో అనేసింది.

"ఆ వేళ తాళం కింద పెట్టింది నేను."

"తెలుసండి."

"తెలుసా?"

"బావి దగ్గరికి వినబడుతుంది కదండి. తాళం ఆగింది, తరవాత మీరొచ్చేరు. అంతేగా."

"మరి అయ్యగారితో ఎందుకు చెప్పలేదే?"

"నేను చెబితే ఎవరు నమ్ముతారు లెండి." చిన్నమ్మాయి ఇంకో ఆకు అందుకుంది. "మీరు చెబుతారనుకున్నాను. ఆ వేళే అని కాదు. అందరి ముందూ మీకు నోరు రాలేదని నాకూ తెలుసు. మర్నాడు చెబుతారనుకున్నా. మర్నాడు కాకపోతే సప్తాహం అయ్యేక. ఇరవై రోజులు చూసేనండి."

సూర్యకళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంచెం తేరుకుని, ఇప్పుడు చెబుతాననీ, సప్తాహం మొదటి రోజు మైకులో అందరి ముందూ చెబుతాననీ, నువ్వూ రావాలనీ, మధ్యాహ్నం మూడింటి వంతు నీదేననీ, ఎవరు కాదంటారో చూస్తాననీ గబగబా చెప్పుకుపోయింది. చిన్నమ్మాయి చివరిదాకా విని నవ్వింది.

"నా గొంతు ఎక్కడుందండి. ముప్ఫై ఏళ్లు బళ్లో కట్టెల పొయ్యి ముందు కూర్చున్నాను. దగ్గు తప్ప నామం రాదు. నేను రాను."

"అయితే నేనేం చెయ్యను?"

చిన్నమ్మాయి చేతులు ఆగాయి. "ఒకసారి కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డానండి. పంటు రాలేదు. పక్కనున్న ఆవిడ వాళ్ల కోడలితో అంటోంది, చిన్నమ్మాయి వంతులా ఉందేంటే అని. నా మొహం చూసే అంది, నేనెవరో తెలీక. నేనూ నవ్వేను మరి." ఈనెలన్నీ ఒక దగ్గరికి తీసి పిడికిట్లో బిగించి నేల మీద తట్టి సమం చేసింది. "ఆ మాటొక్కటీ మానిపించండి. ఇంకేం వద్దు."

తిరుగు పంటులో సూర్యకళమ్మ మళ్లీ మోటారు సైకిళ్ల మధ్యే కూర్చుంది. ఒళ్లో చిన్నమ్మాయి ఇచ్చిన కొత్త చీపురు ఉంది. ఊరకే వెళ్లకూడదని ఇచ్చింది.

సప్తాహం మొదటి రోజు మందిరం నిండిపోయింది. లోకనాథ్ మైకు పట్టుకుని యథాప్రకారం కథ మొదలుపెట్టాడు. ఒక స్త్రీ అశ్రద్ధ అనే దగ్గరికి వచ్చేసరికి సూర్యకళమ్మ లేచి మైకు అడిగింది. పెద్దావిడ, ఇవ్వకుండా ఎలా ఉంటాడు. ఆవిడ చుట్టుతిప్పుళ్లు లేకుండా చెప్పింది. ఆ రోజు తాళం కింద పెట్టింది నేను, చిన్నమ్మాయి కాదు, ఆవిడ ఆలస్యమైంది కూడా నా బిడ్డకి వాంతులు కడుగుతూనే, ఇంతకాలం నేను నోరు మూసుకుని ఆవిడ పేరు పాడుచేశాను, ఇకమీదట ఎవరూ ఆ మాట అనకండి అంది.

మందిరం ఒక్కసారి చల్లబడిపోయింది. ఆ నిశ్శబ్దంలో సూర్యకళమ్మకి నలభై ఏళ్ల తరవాత ఊపిరాడినట్టయింది. అది ఎంతోసేపు నిలవలేదు. లోకనాథ్ కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు.

"చూశారా అండి, ఇదీ మన తొలితరం. ఎవరో చేసిన తప్పుని కూడా తన నెత్తిన వేసుకున్నారు పిన్నిగారు. ఇంతకంటే సాధన ఏం కావాలండి మనకి?"

చప్పట్లు మోగాయి. ఆడవాళ్లు వరస కట్టి కాళ్లకి దణ్ణాలు పెట్టడం మొదలుపెట్టారు. కాదు, నేను చెప్పింది నిజం అని ఆవిడ ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని చెప్పింది. చెప్పినకొద్దీ వాళ్లు ఇంకా వంగారు. ఒకావిడ పక్కావిడతో, ఎంత అణకువో చూడు అంది. చెప్పాల్సిన వేళ చెబితే తప్పయ్యేది, ఇప్పుడు చెబితే గొప్పయి కూర్చుంది.

హరిచందన తండ్రితో పోట్లాడింది. తను కళ్లారా చూశానని, చెవులారా విన్నానని చెప్పింది. లోకనాథ్ మంచివాడే, కాదనలేదు. అయి ఉండవచ్చమ్మా, పుస్తకం ప్రెస్సు నుంచి వచ్చేసింది, వెయ్యి కాపీలు, ఇప్పుడేం చేస్తాం అన్నాడు. ఆ పిల్ల ఊరుకోక మామ్మగారు మాట్లాడిన వీడియో నామవనం గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి దాని కింద రెండు వందల మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. సూర్యకళమ్మ ఆ బొమ్మలన్నీ కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చూసి ఫోను వెనక్కి ఇచ్చేసింది.

ఇప్పుడు వంతులు పలక మీద రాయరు. కంప్యూటర్లో తీసి గోడకి అంటిస్తారు. భజన పార్టీలు వస్తాయి గానీ, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ ఒప్పుకోరు. ఆ రెండు గంటలూ సౌండు సిస్టం అచ్చిబాబు పెన్‌డ్రైవు పెడతాడు. కరెంటు పోయినా ఇన్వర్టరు ఉంది. నామం తెగే ప్రసక్తే లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి సూర్యకళమ్మ వచ్చి పాత తాళాలు తీసుకుంది. ఈ గంట తనదని అచ్చిబాబుకి చెప్పింది. "ఆయ్, అలాగేనండి" అన్నాడతను. ఆవిడ నామం అందుకున్నాక సౌండు పెట్టె ఆపాడు. మందిరంలో ఇద్దరే ఉన్నారు. ఆవిడ దీపం చుట్టూ చిన్న చిన్న అడుగులు వేస్తూ, మోకాళ్లు పట్టేసినప్పుడు నిలబడి, మళ్లీ నడుస్తూ నామం చెప్పింది.

"మూడయిందండి మామ్మగారూ. పెట్టె వేసెయ్యనా?" అన్నాడు అచ్చిబాబు.

వద్దని తలాడించింది. ఆవిడ చూపు వెనక గుమ్మం మీద ఉంది. ఆ గుమ్మం అవతలే ఒకప్పుడు బావి ఉండేది. చిన్నమ్మాయి రానంది, రాదు. ఆ సంగతి సూర్యకళమ్మకి తెలుసు. తెలిసీ తిరిగింది. మూడూ అయిదయింది. మూడూ పది దాటింది. ఆ రోజు తాళం కింద పెట్టిన నిమిషం దాటుకుని గడియారం ముందుకి పోయింది. ఇంకో రెండు నిమిషాలు తిరిగి ఉంటే చాలు కదా అనుకుంది. ఇంకో రెండు నిమిషాల్లో చిన్నమ్మాయి వచ్చేసేదే.

నాలుక తడారిపోయింది. మూడూ నలభైకి గొంతులోంచి గాలి తప్ప రావడం లేదు. తన డ్యూటీలో నామం తెగుతుందేమోనని అచ్చిబాబుకి చెమటలు పట్టాయి. పెట్టె సన్నగా మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచాడు. పెట్టెలో గొంతు ఆవిడ గొంతులో కలిసింది. సూర్యకళమ్మ విన్నది. తాళం తాళంలో పడేదాకా ఆగి, అప్పుడు చేతిలోవి దీపం పక్కన పెట్టింది.

నామం తెగలేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. గేటు దగ్గర నలుగురు పిల్లలు చేతుల్లో చిల్లర పట్టుకుని ఐసు బండి కోసం రోడ్డు వైపు చూస్తున్నారు. రోజూ మూడున్నరకే వస్తుంది, ఇవాళ ఇంకా రాలేదు. వాళ్లలో పొడుగ్గా ఉన్న పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని, "చిన్నమ్మాయి వంతులా ఉందే" అంది.

సూర్యకళమ్మ రెయిలింగు పట్టుకుని లేచి, గేటు దాకా నడిచి వెళ్లింది. ఆ పిల్ల ఎదురుగా నిలబడి, రాని గొంతుతోనే, "అలా అనకూడదమ్మా" అంది.

"మరేమనాలి మామ్మగారూ?"

"సూర్యకళ వంతులా ఉంది అనాలి."

పిల్ల ఒకసారి అని చూసింది. అనడానికి బాగాలేదని నవ్వింది. ఈలోగా గట్టు మీద గంట వినబడింది, నలుగురూ పరుగెత్తుకుని పోయారు.